హామ్ రేడియో 40 మీటర్ల బ్యాండ్‌లో డీఎక్స్‌కి (దూరదేశాల స్టేషన్లతో మాట్లాడటానికి) ఏది మేలు? ఫోర్ స్క్వేర్, ఎత్తైన డైపోల్ రెండూ ఎనిమిదేళ్లు వాడాక

మా పొలం చిలకలూరిపేట దగ్గర, నల్లరేగడి నేల. సముద్రం 40 కిలోమీటర్లకు పైనే. 2016లో అక్కడ 90 అడుగుల టవర్ నిలబెట్టి, 40 మీటర్ల బ్యాండ్‌కి (తరంగం పొడవు సుమారు 40 మీటర్లు) రెండు డైపోల్స్, అంటే నేలకు సమాంతరంగా లాగే తీగ యాంటెన్నాలు, ఒకదానికొకటి అడ్డంగా కట్టాను. ఒకటి వాయవ్యం, ఆగ్నేయం కొడుతుంది, రెండోది ఈశాన్యం, నైరుతి. మరుసటి ఏడు శనగ తీశాక అదే చేలో నాలుగు వర్టికల్స్‌తో (నిలువుగా నిలబెట్టే యాంటెన్నాలు) చదరంగా ఫోర్ స్క్వేర్ వేశాను. టవర్‌కి 80 మీటర్లు దూరంగా పెట్టాను. దగ్గరగా ఉంటే టవర్ కూడా ఇంకో వర్టికల్‌లా పనిచేసి ప్యాటర్న్ (ఏ దిక్కుకి ఎంత సిగ్నల్ పోవాలనే తీరు) పాడుచేస్తుంది. అప్పటినుంచీ స్విచ్ అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను.

ముందు ఎత్తు సంగతి. 10 మీటర్ల ఎత్తున కట్టిన డైపోల్ సిగ్నల్‌ని దాదాపు నెత్తి మీదికే పంపుతుంది. హైదరాబాద్, విశాఖ మిత్రులతో మాట్లాడుకోవడానికి అది చాలు, డీఎక్స్‌కి చాలదు, దానికి సిగ్నల్ కింది కోణంలో పోవాలి. అదే తీగ 27 మీటర్లకు ఎక్కితే కోణం సుమారు 23 డిగ్రీలకు దిగుతుంది. పైగా నేల మీద పడి తిరిగొచ్చే అల కలిసొచ్చి 6 డీబీ దాకా, అంటే పవర్ నాలుగు రెట్లు చేసినంత లాభం. ఇంతకంటే చవకగా దొరికే లాభం నాకు తెలియదు.

వర్టికల్‌కి ఈ అదృష్టం లేదు. రేడియల్స్ (వర్టికల్ అడుగు నుంచి చుట్టూ నేలలో పరిచే తీగలు) ఎన్ని పరిచినా అవి యాంటెన్నా కాళ్ల దగ్గర నష్టాన్ని మాత్రమే ఆపుతాయి. కింది కోణాల్లో పోయే సిగ్నల్‌ని కొన్ని వందల మీటర్ల అవతలి మట్టి తినేస్తుంది, దాన్ని మనం మార్చలేం. మొదట ఒక్క వర్టికల్‌ని ఎనిమిది రేడియల్స్‌తో పెట్టి చూసినప్పుడు డైపోల్ ముందు అది ఏ రాత్రీ నిలబడలేదు. నెల రోజులు చాలా బెంగపడ్డాను.

నాలుగూ కలిశాక కథ మారింది. ఒక్కోదానికి 32 రేడియల్స్, 10 మీటర్ల చొప్పున, మొత్తం 1,280 మీటర్ల తీగ. పరచడానికే పదకొండు రోజులు పట్టింది. వర్టికల్స్ మధ్య పావు తరంగం దూరం ఉంటుంది, దిక్కు మార్చడానికి ఒక రిలే పెట్టె. ఒక్క వర్టికల్‌తో పోలిస్తే 5 డీబీ పైచిలుకు లాభం వస్తుంది. అయితే నాకు నిజంగా అక్కరకొచ్చింది వినికిడి. ఊరు మాకు తూర్పున ఉంది. మోటార్ స్టార్టర్లు, ఎల్‌ఈడీ దీపాల గోల అంతా అటునుంచే. యూరప్ కోసం వాయవ్యం తిప్పగానే ఆ గోల వెనక్కి పడి సగానికి పైగా చచ్చిపోతుంది. డైపోల్‌కి ముందు, వెనక తేడా లేదు కాబట్టి ఆ పని చేయలేదు.

2018 అక్టోబర్‌లో ఒక సాయంత్రం పొద్దు వాలుతోంది, అమెరికా తూర్పు తీరంలో తెల్లవారుతోంది. మామూలు దారి ఉత్తర ధ్రువం మీదుగా. ఆ రోజు ఆగ్నేయం నొక్కితే, దక్షిణ ధ్రువం వైపు నుంచి లాంగ్ పాత్‌లో (భూమిని అవతలి వైపునుంచి చుట్టి వచ్చే పొడవు దారి) న్యూయార్క్ స్టేషన్ మోర్స్ వినిపించింది. డైపోల్‌లో శబ్దం ఉందిగానీ కాల్‌సైన్ (స్టేషన్ గుర్తు) విడలేదు. ఫోర్ స్క్వేర్‌లో అక్షరం అక్షరం తెలిసింది. 100 వాట్లతో రెండో పిలుపుకే బదులిచ్చాడు. చాలాసేపు హెడ్‌ఫోన్ తీయలేకపోయాను.

ప్రతిసారీ అలా కాదు. బ్యాండ్ తెరుచుకునే (దూరం సిగ్నల్స్ వినిపించడం మొదలయ్యే) మొదటి పావుగంట, కొన్నిసార్లు మూసుకునే ముందు, సిగ్నల్ పై కోణంలో వస్తుంది. అప్పుడు డైపోలే గెలుస్తుంది. జపాన్‌కైతే రెండూ దాదాపు సమానం.

వేసవిలో ఫోర్ స్క్వేర్ బాగా ఇబ్బంది పెడుతుంది. మే నెలలో రేగడి నెర్రెలిచ్చి, అరచెయ్యి దూరే సందుల్లో రాగి తీగ వేలాడుతూ కనిపిస్తుంది. డమ్మీ లోడ్‌కి (వర్టికల్స్ తీసుకోని పవర్‌ని వేడిగా మార్చే రెసిస్టర్) వృథాగా పోయే పవర్ పెరుగుతుంది, తొలకరి పడితే మళ్లీ తగ్గుతుంది. నాగలి తగిలి రెండుసార్లు తీగలు తెగాయి. డైపోల్‌కి ఎనిమిదేళ్లలో ఒక్కసారి తాడు మార్చాను, అంతే.

పోయిన సంక్రాంతికి సూర్యలంక తీరంలో నీళ్లకు పది అడుగుల్లో ఒక్క వర్టికల్, రెండే రేడియల్స్ పెట్టాను. ఇంటి దగ్గర బాబాయి కొడుకు, వాడికీ లైసెన్స్ ఉంది, ఫోర్ స్క్వేర్ మీద కూర్చున్నాడు. ఇద్దరం 5 వాట్లతో డబ్ల్యూఎస్‌పీఆర్ (చిన్న సిగ్నల్ ఎక్కడెక్కడ ఎంత బలంగా వినిపించిందో దానంతటదే నమోదయ్యే పద్ధతి) పంపాం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైపు ఆ ఒంటి కడ్డీ ఇంటి నాలుగింటినీ దాటేసింది. వాయవ్యం వైపు మాత్రం ఓడింది, అటు ఉన్నది నేలే కదా. ఉప్పునీరు మామూలు మట్టికంటే వెయ్యి రెట్లు బాగా కరెంటు పారిస్తుంది. 1990ల చివర్లో జమైకా తీరంలో టీమ్ వర్టికల్ అనే హామ్ బృందం వాళ్లు వర్టికల్స్‌తోనే కాంటెస్టులు (రేడియో పోటీలు) ఎందుకు ఆడారో ఆ రాత్రి అర్థమైంది.

నన్నడిగితే, తీరంలో చోటుంటే వర్టికల్ తప్ప ఇంకోటి ఆలోచించొద్దు. లోపలి ఊళ్లలో 20 మీటర్ల ఎత్తు దొరికితే ముందు డైపోల్ కట్టండి. ఎకరం చోటు, ఓపిక రెండూ ఉన్నప్పుడే ఫోర్ స్క్వేర్. 80 మీటర్ల బ్యాండ్‌లో మాత్రం లెక్క వేరు, సగం తరంగం ఎత్తంటేనే 40 మీటర్లు, నా టవర్‌కి అందదు. అందుకే ఈసారి శనగ తీశాక దానికి వర్టికల్ వేస్తున్నాను. తీగ చుట్టలు ఇప్పటికే వసారాలో ఉన్నాయి.