బటన్ ఫోన్‌తో మూడు నెలలు

రివ్యూ మొత్తం చదివే ఓపిక లేనివాళ్లకి ముందే చెప్పేస్తాను. టచ్ ఫోన్ పూర్తిగా పక్కన పడేసి దీంతోనే బతికేద్దాం అనుకుంటే ఈ బటన్ ఫోన్ కొనకండి, రెండు వారాలు తిరక్కుండా పాతదే మళ్లీ చేతికొస్తుంది. అలాకాక, రోజంతా చెయ్యి ఫోన్ వైపు ఎందుకు పోతోంది, అందులో నిజంగా పని ఎంత, ఊరికే ఎంత అని తేల్చుకోవాలని ఉంటే మాత్రం తప్పకుండా కొనండి. ఆ పనికి ఇంతకంటే మంచి వస్తువు నాకు కనిపించలేదు.

మా పాపకి ఏడేళ్లు. ఓ రాత్రి నా పక్కన పడుకుని స్కూల్లో జరిగిందేదో కథలా చెబుతోంది, నేను ఫోన్ చూస్తూ ఊఁ కొడుతున్నాను. కాసేపటికి "ఊఁ, తర్వాత ఏమైందమ్మా?" అన్నాను. "ఎప్పుడో అయిపోయింది నాన్నా" అంది. కోపంగా కూడా అనలేదు, అటు తిరిగి పడుకుంది, అంతే. ఆ కథ ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. మర్నాడు అడిగితే మర్చిపోయానంది. ఆ వారంలోనే ఈ ఫోన్ కొన్నాను.

ఫోన్ సంగతికొస్తే, 2.4 అంగుళాల తెర, పైన చిన్న టార్చ్, వెనక మూత గోటితో లాగితే ఊడొచ్చే బ్యాటరీ, ఎఫ్ఎం రేడియో. రేడియో పెట్టాలంటే వైరున్న ఇయర్‌ఫోన్స్ గుచ్చాలి, ఆ వైరే యాంటెనా. కొనేటప్పుడు నేను చూసుకున్నది ఒక్కటే: 4జీలో కాల్ వెళ్తుందా లేదా. చాలా దేశాల్లో 2జీ, 3జీ నెట్‌వర్కులు ఒక్కొక్కటిగా ఆపేస్తున్నారు కాబట్టి ఎప్పటిదో పాత ఫోన్ బీరువాలోంచి తీసి వాడదామంటే అన్నిచోట్లా కుదరదు. మీరు కూడా పెట్టె మీద వోల్టీ (VoLTE, అంటే 4జీ మీదే కాల్ వెళ్లే సౌకర్యం) అని ఉందో లేదో చూసి తీసుకోండి. సిమ్ పెట్టడానికి అడాప్టర్ కావాల్సి వచ్చింది, ఇందులో స్లాట్ పెద్దది, నా సిమ్ నానో.

బ్యాటరీ బాగుంది. ఛార్జింగ్ పెడితే నాకు నాలుగు రోజులు వస్తోంది. మోటరోలా వాళ్లు 1983లో అమ్మకానికి తెచ్చిన మొదటి చేతి ఫోన్ 10 గంటలు ఛార్జ్ చేస్తే సుమారు 30 నిమిషాలు మాట్లాడటానికి వచ్చేదట. అప్పటినుంచి బ్యాటరీలు ఇంత మెరుగుపడ్డా టచ్ ఫోన్ సాయంత్రానికి చచ్చిపోతోందంటే, ఆ తెర ఎంతసేపు వెలుగుతోందో, మనం ఎంతసేపు వెలిగిస్తున్నామో ఆలోచించండి. ఇంతకుముందు బయటికి వెళ్తే పవర్ బ్యాంక్ ఉందా లేదా అని ఒకటే టెన్షన్. ఇప్పుడు ఛార్జర్ ఏ సొరుగులో పెట్టానో వెతుక్కోవాల్సి వస్తోంది.

సిమ్ ఇందులోకి మార్చి, టచ్ ఫోన్‌ని వైఫైతో ఇంట్లో ఓ అల్మరాలో పెట్టాను. దాంతోపాటు చిన్న నోట్‌బుక్ ఒకటి జేబులో వేసుకున్నాను. చెయ్యి ఫోన్ కోసం వెళ్లిన ప్రతిసారీ అందులో ఒక గీత. నిజంగా పని ఉంటే ఎడమవైపు, ఊరికే అయితే కుడివైపు. మొదటి రోజు రాత్రి లెక్క పెడితే 47 గీతలు, ఎడమవైపున్నవి 6. మిగతా 41 సార్లు నాకు ఏమీ అక్కర్లేదు, చెయ్యి తనంతట తను వెళ్లింది. లిఫ్ట్ కోసం నిలబడితే వెళ్లింది, కంప్యూటర్‌లో ఫైల్ తెరుచుకునే ఆ నాలుగు సెకన్లలో వెళ్లింది, ఎదుటి మనిషి మాట మధ్యలో దగ్గితే కూడా వెళ్లింది. ఫోన్ లేని జేబులో వైబ్రేషన్ వచ్చినట్టు తొడ మీద అనిపించడం ఇంకో విచిత్రం. అది దాదాపు పది రోజులపాటు ఉంది.

అసలు రివ్యూ రాయాలనిపించింది ఒక చిన్న విషయం వల్ల. ఈ ఫోన్‌లో కాంటాక్ట్స్ అయినా, మెసేజ్‌లు అయినా, సెట్టింగ్స్ అయినా కింది బాణం నొక్కుతూ పోతే చివరి వరుస వస్తుంది. ఇంకోసారి నొక్కితే మళ్లీ మొదటి వరుసకి తిరిగొస్తుంది. అంటే అయిపోయింది, చూడాల్సిందంతా చూసేశావు అని ఫోన్ చెబుతుంది. ఇది చాలా మామూలు సంగతే. కానీ నా టచ్ ఫోన్‌లో నేను రోజూ చూసేవాటిలో ఒక్కదానికీ చివర లేదు. ఎంత తోసినా కిందినుంచి ఇంకోటి వస్తూనే ఉంటుంది. కిందిదాకా వచ్చాక 'తర్వాతి పేజీ' అని నొక్కే పని లేకుండా దానంతటదే వచ్చేసే ఈ పద్ధతిని అజా రాస్కిన్ అనే డిజైనర్ 2006లో తయారుచేశాడు. తర్వాత దానివల్ల జరుగుతున్నది చూసి ఆయనే నలుగురిలో పశ్చాత్తాపపడ్డాడు. 'తర్వాతి పేజీ' అని నొక్కాల్సి వచ్చినప్పుడు ఆ నొక్కే క్షణంలోనైనా "ఇంక చాల్లే" అనుకోవడానికి సందుండేది. ఆ సందు మూసేశాక మనిషి తనంతట తను ఆగడం చాలా కష్టం. దానికి సిగ్గుపడాల్సిన పనేమీ లేదని, ఇది నా ఒక్కడి బలహీనత కాదని ఈ బాణం బటన్ వల్లే నాకు అర్థమైంది.

స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాలు కూడా ఇలాంటివే. పెట్టెలోని బటన్‌ని ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం కడుపు నిండాక ఊరుకుంటుంది. ఎన్నిసార్లు పొడిస్తే పడుతుందో తెలియకుండా పెడితే మాత్రం పొడవడం మానదు, గింజలు ఆపేశాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. మెసేజ్ వచ్చిందో లేదో అని తెర వెలిగించి చూసుకోవడం అచ్చం అలాగే ఉంటుంది. వచ్చి ఉండొచ్చు, రాకపోయి ఉండొచ్చు. అందుకే చూస్తాం. బటన్ ఫోన్‌లో మెసేజ్ వస్తే మోగుతుంది, మోగలేదంటే రాలేదు, చూడటానికేం ఉండదు. మూడో వారానికి కుడివైపు గీతలు రోజుకి పది లోపుకి వచ్చేశాయి. ఇందులో నా మనోబలం ఏమీ లేదు, గింజలు పడే పెట్టె అక్కడ లేదు, అంతే.

ఇక టైపింగ్. తెలుగులో రాయొచ్చు కానీ ఒక్కో బటన్ మీద నాలుగైదు అక్షరాలు, ఒత్తులొస్తే మరీ కష్టం. పైగా ఇంకో తిరకాసు ఉంది. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగు లిపిలో రాస్తే 70 మాత్రమే. ఆ 70 కూడా మనం లెక్కపెట్టుకునే అక్షరాలు కావు. 'వస్తున్నాను' అంటే తెరమీద నాలుగు అక్షరాలే కనిపిస్తాయి. ఫోన్ లెక్కలో ప్రతి హల్లూ, గుణింతం గుర్తూ, పొల్లూ విడివిడిగా లెక్కే కాబట్టి అది 11. నాలుగు మాటలు రాసేసరికి రెండో మెసేజ్‌లోకి పోతుంది. దాంతో నేను మెసేజ్‌లు మానేసి కాల్ చేయడం మొదలుపెట్టాను. ఇది లోపం కింద రాద్దామనుకున్నాను, కానీ రాయలేకపోతున్నాను. ఎందుకంటే అమ్మకి వారానికి ఒకసారి చేసే ఫోన్ ఇప్పుడు ఒకటి రెండు రోజులకోసారి అయింది, అదీ ఇంతకుముందులా స్పీకర్లో పెట్టి వేరే ఏదో చూస్తూ కాదు, చెవికి ఆనించుకుని మాట్లాడుతున్నాను, ఎందుకంటే చూడటానికి ఇందులో ఇంకేం లేదు. రెండో వారంలో అనుకుంటా, "ఏరా, ఇవాళ ఏం పని లేదా, ఇంత తీరిగ్గా వింటున్నావ్?" అంది. ఇన్నాళ్లూ నేను వినడం లేదని అమ్మకి తెలుసన్నమాట. తెలిసీ ఏమీ అనకుండా చెప్పుకుంటూ పోయింది. ఆ మాట విన్నప్పటినుంచి మనసు బాలేదు.

ఇప్పుడు కష్టాలు. ఇవి చిన్నవి కావు, దాచడం ఇష్టం లేదు.

బ్యాంకు యాప్ మొదటి దెబ్బ. నా బ్యాంకు యాప్ అదే ఫోన్‌లో సిమ్ ఉంటేనే తెరుచుకుంటుంది. సిమ్ బటన్ ఫోన్‌లో, యాప్ టచ్ ఫోన్‌లో అంటే కుదరదు. కంప్యూటర్‌లో బ్యాంకు సైటు తెరిచి, ఓటీపీ ఈ ఫోన్‌కి తెప్పించుకుని పని నడిపించాను. ఓటీపీ మామూలు ఎస్సెమ్మెస్సే కదా, ఏ ఫోన్‌కైనా వస్తుంది. ఆఫీసు లాగిన్‌కి వాడే ఆరంకెల కోడ్ యాప్‌తో మాత్రం ఇబ్బంది రాలేదు. దానికి సిమ్మూ అక్కర్లేదు, నెట్టూ అక్కర్లేదు. ముందే దాచిపెట్టిన ఒక తాళం లాంటి సంఖ్య, గడియారంలో టైము, ఈ రెండిటితో 30 సెకన్లకోసారి కోడ్ తనే తయారుచేసుకుంటుంది. అలాగే మ్యాప్స్. జీపీఎస్ సిగ్నల్ ఉపగ్రహాల నుంచి నేరుగా వస్తుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే సిమ్ లేని ఫోన్ కూడా దారి చూపిస్తుంది. కొత్త చోటికి వెళ్లే రోజున మాత్రం టచ్ ఫోన్ బ్యాగులో వేసుకునేవాణ్ణి.

వాట్సాప్ సంగతి చాలామంది అడుగుతారు. టచ్ ఫోన్‌లో అది అలాగే ఉంది, ఇంట్లో వైఫై మీద నడుస్తుంది, కంప్యూటర్‌లో కూడా చూసుకోవచ్చు. ఫోన్‌లో అసలు వాడకుండా 14 రోజులు దాటితే కంప్యూటర్‌లోది లాగౌట్ అయిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో ఒకసారి తెరవాలి. నేను రాత్రి ఒక అరగంట పెట్టుకున్నాను. స్కూలు గ్రూపులో ఏదో మారింది, రేపు ఫలానాది పంపండి అని సాయంత్రం పెడితే నేను చూసేసరికి రాత్రి తొమ్మిది. రెండుసార్లు పాప చేతిలో కావాల్సింది లేకుండా స్కూలుకి వెళ్లింది. ఇందులో నన్నెంత అనుకోవాలో, ప్రతిదీ గ్రూపులోనే చెప్పాలనుకునే పద్ధతిని ఎంత అనుకోవాలో తెలీదు గానీ, చిన్నబోయింది మాత్రం పిల్ల. ఆ తర్వాత టీచర్ గారితో మాట్లాడి, ముఖ్యమైనవి ఉంటే ఒక ఎస్సెమ్మెస్ పెట్టమన్నాను, పెడుతున్నారు.

దీంతో ఫోటోల మాట మర్చిపోండి. కెమెరా ఉంది, అంతే.

అన్నిటికంటే పెద్ద దెబ్బ వేరే. ఒక రోజు అత్యవసరంగా డబ్బు పంపాల్సి వచ్చి ఓటీపీ కోసం కూర్చుంటే ఎంతకీ రాదు. మళ్లీ పంపమన్నా రాదు. మూడుసార్లు తప్పాక లావాదేవీ ఆగిపోయింది. తీరా చూస్తే తెర మూలన కనీకనిపించకుండా ఒక కవరు బొమ్మ వెలిగి ఆరుతోంది. ఇన్‌బాక్స్ నిండిపోయింది, పాతవి తీసేస్తే గాని కొత్తవి రావు. ఆ కవరు అర్థమేంటో మాన్యువల్‌లో ఎక్కడా లేదు. తయారుచేసినవాళ్లు ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ రోజు నాకంత చెమట పట్టేది కాదు. దీనికి ఒక స్టార్ కోసేశాను. 5 అంకె బటన్ గట్టిగా నొక్కితేనే పడటం, ఇయర్‌పీస్ శబ్దం రద్దీలో సరిపోకపోవడం లాంటివి సర్దుకుపోవచ్చు.

మూడు నెలల నోట్‌బుక్ ముందేసుకుని ఎడమవైపు గీతలు చూశాను. పని అని నేను ఒప్పుకున్నవి మొత్తం ఏడెనిమిది రకాలే: బ్యాంకు, దారి, స్కూలు గ్రూపు, ఆఫీసు కోడ్, ఫోటో, ఏదైనా మాటకి అర్థం వెతకడం, టికెట్లు. ఇవి లేకుండా నాకు గడవదు, గడవాలని పంతం కూడా లేదు. ఫోన్ మీద ఆధారపడటం అని మనం ఒకే మాట అంటాం గానీ అందులో రెండు వేరువేరు సంగతులున్నాయి. ఈ ఏడెనిమిది పనులకి రోజుకి ఒక గంట చాలు. మిగతా గంటలన్నీ ఈ పనుల చాటున లోపలికి వచ్చేసినవి. ఫోన్ తీసింది ఓటీపీ కోసం, పెట్టేసరికి ముప్పావుగంట. రెండూ ఒకే గాజుముక్కలో ఉన్నంతకాలం ఇది తెలియలేదు. రెండు వస్తువులుగా విడగొట్టాక కళ్లకి కట్టినట్టు కనిపించింది.

ఫోన్ పక్కన ఉంటే చాలు బుర్ర సగం అటే ఉంటుందంటారు కదా, దానిమీద 2017లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఫోన్ బల్ల మీద పెట్టుకున్నవాళ్లకంటే వేరే గదిలో వదిలొచ్చినవాళ్లు పరీక్షలు బాగా చేశారని అందులో తేలింది. తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేసిన కొన్ని ప్రయోగాల్లో అంత తేడా రాలేదు కూడా. కాబట్టి సైన్స్ పేరు చెప్పి మిమ్మల్ని బెదిరించను. నా వరకు నాకు అల్మరా తలుపు మూసి ఉన్న రాత్రికి, ఫోన్ దిండు పక్కన ఉన్న రాత్రికి చాలా తేడా ఉంది. ఇప్పుడు పాప కథ చెబితే మధ్యలో ప్రశ్నలు నేనే వేస్తున్నాను, "ఆగు నాన్నా, చెప్పనీ" అని కసురుతోంది.

ప్రస్తుతం సిమ్ ఇందులోనే ఉంది. టచ్ ఫోన్ రోజుకి ఒక గంట, కుర్చీలో కూర్చుని, పనుల చీటీ పక్కన పెట్టుకుని. ఐదుకి నాలుగు స్టార్లు. ఎవరైనా కొంటే మొదటి రోజే మెసేజ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మెమరీ అన్నచోట 'సిమ్' అని ఉంటే 'ఫోన్' అని మార్చుకోండి. సిమ్‌లో కొన్ని పదుల మెసేజ్‌లే పడతాయి, ప్రకటనలతో ఇట్టే నిండిపోతుంది.