బహుమతుల పొట్లాలకు బ్రౌన్ పేపరు రోలు: పది నెలల వాడకం తరువాత

పుట్టినరోజులు, సీమంతాలు, గృహప్రవేశాలు అన్నీ కలిపి ఏడాదికి 20కి తక్కువ కాకుండా బహుమతులు ఇవ్వవలసిన ఇల్లు మాది. నిరుడు ఒక దుకాణంలో చీర పెట్టెకు మెరుపు కాగితం చుట్టి, ప్లాస్టిక్ పువ్వొకటి అంటించినందుకు 60 రూపాయలు విడిగా తీసుకున్నప్పుడు, ఆ పనేదో ఇంట్లోనే చేసుకుందామని, పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ పేపరు రోలు ఒకటి మా వీధి చివరి స్టేషనరీ కొట్లో కొన్నాను. దానిపై ఏ కంపెనీ పేరూ లేదు. వెడల్పు 18 అంగుళాలు, పొడవు 10 మీటర్లు, వెల 140 రూపాయలు.

లెక్క ముందుగా చెబుతాను. 14 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల ఎత్తు ఉన్న చీర పెట్టెకు రోలు నుంచి 25 అంగుళాల ముక్క కత్తిరిస్తే చుట్టూ తిరిగి వచ్చి ఒక అంగుళం ఒకదానిపై ఒకటి ఎక్కుతుంది, రెండు కొసలూ మడవడానికి వెడల్పు సరిగ్గా సరిపోతుంది. ఆ చొప్పున రోలుకు 15 పెట్టెలు వస్తాయి. అంటే ఒక్కొక్క పెట్టెకు కాగితం ఖర్చు 10 రూపాయల లోపే.

కాగితం నాణ్యత విషయంలో మాత్రం కొనేముందే చూసుకోవాలి. దీనిని క్రాఫ్ట్ పేపరు అంటారు గాని, ఆ మాటకు చేతిపనితో సంబంధం లేదు. జర్మన్ భాషలో దానికి బలమని అర్థం. చెక్క ముక్కలను సోడియం హైడ్రాక్సైడు, సోడియం సల్ఫైడు కలిపిన ద్రావణంలో ఉడికించి, నారలను ఒకదానికొకటి అతికించి ఉంచే లిగ్నిన్‌ను తొలగిస్తే నారలు పెద్దగా దెబ్బతినకుండా మిగులుతాయి కనుక కాగితం గట్టిగా ఉంటుంది. చిత్తుకాగితాల నుంచి మళ్లీ తయారైన చౌకరకంలో ఆ నారలు పొట్టివైపోయి, మడత దగ్గరే చిట్లిపోతుంది. కొట్లో మూల కొద్దిగా చింపి చూస్తే తెలిసిపోతుంది: చిరిగిన అంచున నూగులా నారలు కనిపించాలి. నేను కొన్నది ఈ పరీక్షలో నెగ్గింది.

దీని అసలు అందం నాకు రెండో నెలలో గాని తెలియలేదు. మొదటి పొట్లాన్ని చూసి మా అత్తయ్య, "ఏమిటమ్మా ఇది, పచారీ కొట్టు పొట్లంలా ఉంది" అన్నారు; ఆ మాటలో తప్పేమీ లేదు. తరువాత బెండకాయను అడ్డంగా కోసి, తెల్లని పోస్టరు రంగులో అద్ది ముద్రలు వేశాను. కోసిన వెంటనే వేస్తే బెండ జిగురుకు రంగు జారి అంతా అలుక్కుపోయింది. కోసిన వైపు పాత వార్తాపత్రికపై అరగంట బోర్లించి ఉంచితే జిగురు ఇంకి, అయిదు రేకుల పువ్వు నడుమ గింజల గదులతో సహా స్పష్టంగా పడింది. ముద్ర కాగితపు గరుకు వైపు వేయాలి, నునుపు వైపు రంగు త్వరగా ఆరదు. ఆరిన కాగితం పేడతో అలికిన వాకిట్లో పెట్టిన ముగ్గులా ఉంటుంది. దానిపై రిబ్బనుకు బదులు, చిరిగిన పట్టుచీర నుంచి కత్తిరించి దాచిన జరీ అంచు కట్టాను. ఆ పొట్లాన్ని అత్తయ్య వెంటనే విప్పలేదు, అంచు ఏ చీరదో పోల్చుకునే ప్రయత్నంలో ఉండిపోయారు.

లోపాలూ ఉన్నాయి. చుట్టచుట్టి ఉన్న కాగితం కత్తిరించిన తరువాత కూడా ముడుచుకుపోతూనే ఉంటుంది. ముందు రాత్రి పరుపు కింద పెడితే గాని లొంగదు. మందం వల్ల గాజుల డబ్బా, ఉంగరం పెట్టె వంటి చిన్నవాటికి మూలలు ఉబ్బుగా వస్తాయి, వాటికి రంగుల పత్రికల పుటలే మేలు. అన్నిటికన్నా ముఖ్యంగా, మిఠాయిలకు ఇది పనికిరాదు: సున్నుండల పెట్టెకు చుట్టి తీసుకువెళితే దారిలోనే నెయ్యి ఊరి, అరచేయంత నల్లని మరక పైకి తేలింది. చౌక టేపు దీనికి సరిగా అంటదు, అంటినచోట మెరుస్తూ కనిపిస్తుంది. మైదా పిండి ఉడికించిన జిగురు, పైన పురికొస రెండు చుట్లు చాలు.

ఆడవారికిచ్చే వాటికైతే రోలు కూడా అక్కరలేదు. ఎలాగూ తాంబూలంలో పెట్టే రవికె గుడ్డనే మూటలా కట్టి ఇస్తే చుట్టుడు ఖర్చు సున్నా, పైగా విప్పిన తరువాత పారేసేది ఏమీ ఉండదు. అయితే స్టార్చి పెట్టిన గుడ్డకు ముడి నిలవదు, మెత్తని నూలుదే తీసుకోవాలి.

రోలులో ఇప్పుడు మీటరున్నర మిగిలింది. జూన్‌లో బడులు తెరిచే నాటికి పుస్తకాల అట్టలకు అది చాలదు కనుక, వచ్చే వారం అదే కొట్లో రెండు రోలులు తీసుకుంటున్నాను.