ఉక్కు ఊళ్లో నాటకం చూడ్డానికి వెళ్లి

నాన్న విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజాన్ని కరిగించే పెద్ద కొలిమి) దగ్గర చేశారు. నేను పెరిగింది ఉక్కునగరం క్వార్టర్స్‌లో. అందుకే బ్రిటన్‌లో, వేల్స్‌లోని ఉక్కు ఊరు పోర్ట్ టాల్బట్ నాకు పరాయి ఊరు అనిపించదు. 2024 సెప్టెంబర్ 30న అక్కడి చివరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఆపేశారని వార్త చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ ఊరివాళ్లే తమ కథను తామే నాటకంగా వేస్తున్నారని తర్వాతి ఏప్రిల్‌లో తెలిసింది. మూడు రోజులు సెలవు పెట్టి, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నుంచి రైలెక్కాను.

అక్కడ నాటకం చూడాలంటే ముందు ఊరు చూడాలి. ఎందుకో చెప్తాను. 2011 ఈస్టర్‌కి ఈ ఊళ్లో మూడు రోజుల పాటు ఒక నాటకం నడిచింది. పేరు 'ద ప్యాషన్', ఏసు చివరి రోజుల కథను ఈ ఊరికి తగ్గట్టు మలిచింది. ఈ ఊళ్లోనే పెరిగిన నటుడు మైకేల్ షీన్, నేషనల్ థియేటర్ వేల్స్, వైల్డ్‌వర్క్స్ బృందం కలిసి చేశారు. వెయ్యి మంది దాకా స్థానికులు అందులో పాలుపంచుకున్నారు. గుడ్ ఫ్రైడే తెల్లవారుజామున అబెరావన్ బీచ్‌లో మొదలై, ఆదివారం రాత్రి సముద్రం ఒడ్డున రౌండ్‌అబౌట్ మీద శిలువ దృశ్యంతో ముగిసింది. మధ్యలో వీధులు, షాపింగ్ సెంటర్, క్లబ్బు, అన్నీ రంగస్థలాలే. షీన్ వేసిన పాత్ర బోధకుడే అయినా పెద్దగా బోధించడు. జ్ఞాపకం పోగొట్టుకుని వచ్చి, ఊరి జనం చెప్పే కథలు వింటాడు. చివర శిలువ మీద ఊళ్లో చెరిగిపోయిన వాటిని ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుంటాడు.

ఇవాళ అదే దారిలో నడవొచ్చు, టికెట్ ఏమీ లేదు. తప్పకుండా ఆగాల్సిన చోటు లువెలిన్ స్ట్రీట్. ఒక వైపు చిన్న చిన్న ఇళ్లు వరసగా ఉంటాయి. ఎదురుగా ఉండాల్సిన ఇళ్ల స్థానంలో ఎం4 మోటార్‌వే సిమెంటు స్తంభాలు. 1966లో తెరిచిన ఆ బైపాస్ కోసం వీధిలో సగం పడగొట్టారు. ఇప్పటికీ తలుపు తీస్తే నెత్తి మీద లారీల మోత. అక్కడ పది నిమిషాలు నిలబడ్డాను. ఒకావిడ చెత్త డబ్బా బయట పెట్టడానికి వచ్చి, నన్ను చూసి, నేనేమీ అడక్కుండానే "మా అమ్మమ్మ ఇల్లు అదిగో, ఆ స్తంభం దగ్గర" అని చూపించి లోపలికి వెళ్లిపోయింది.

బసకి వస్తే, మొదటి రాత్రి సముద్రం ఎదురుగా ఒక హోటల్లో దిగాను. కిటికీలోంచి స్వాన్సీ బే అంతా కనిపిస్తుంది, అది మాత్రం బాగుంది. కానీ హీటర్ పనిచేయలేదు. రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు, పదకొండు తర్వాత రిసెప్షన్‌లో మనిషే లేడు. ఏప్రిల్లో ఆ సముద్రపు గాలి మనవాళ్లు తట్టుకోలేరు. శాకాహార టిఫిన్ అంటే టోస్టూ, టమాటా గుజ్జులో బీన్సూ. మర్నాడే ఖాళీ చేసి, రైల్లో ఇరవై నిమిషాల దూరంలోని స్వాన్సీలో ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌కి మారాను. గది చిన్నదే గానీ వెచ్చగా ఉంది, పొద్దున్నే గ్లామర్గన్ సాసేజ్ వేసి పెట్టారు. పేరు చూసి భయపడకండి, అందులో మాంసం ఉండదు. చీజు, లీక్ అనే ఉల్లి జాతి కూర, బ్రెడ్ పొడి కలిపి వేయిస్తారు. మన శాకాహారులకి వేల్స్‌లో అదే పెద్ద దిక్కు.

రెండో రోజు రోండా లోయలోని ట్రియోర్కీకి వెళ్లాను. స్వాన్సీ నుంచి బయల్దేరడం పొరపాటైంది, కార్డిఫ్ దాకా వెళ్లి మారాలి. కార్డిఫ్‌లో బస పెట్టుకుంటే గంట ప్రయాణమే. 2019 పోటీలో బ్రిటన్ మొత్తానికీ మేటి బజారుగా నిలిచిన ఊరు ఇది. చిన్న చిన్న సొంత దుకాణాలు, ఒకప్పుడు ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాలు పెట్టుకున్న కాఫీ హోటళ్లు. యజమాని పేరేదైనా ఆ హోటల్ని ఇక్కడి పాతవాళ్లు 'బ్రాకీ' అనే పిలుస్తారు.

నేను వెళ్లింది మాత్రం పార్క్ అండ్ డేర్ థియేటర్ కోసం. పార్క్, డేర్ అనేవి రెండు బొగ్గు గనుల పేర్లు. ఆ గనుల కార్మికులు తమ జీతంలో పౌండుకి ఒక పెన్నీ చొప్పున వేసుకుని దీన్ని కట్టుకున్నారు. అప్పట్లో పౌండ్ అంటే 240 పెన్నీలు. ఊరంతా చందాలేసుకుని రామాలయం కట్టుకున్నట్టే, వీళ్లు లైబ్రరీ, నాటకశాల కట్టుకున్నారన్నమాట. ఆ రోజు ప్రదర్శన లేదు. ఎదురు రోడ్డు మీద నిలబడి చూస్తే, రెండు వరసల ఇళ్ల మధ్య ఆ రాతి భవనం ఎంత ఎత్తో! గనులు పోయాయి, అది ఇంకా నిలబడే ఉంది.

ఇలా ఊరే సొంతంగా కట్టుకోవడం ఎందుకు ముఖ్యమంటే, నాటకాలకి బయటి డబ్బు ఎప్పుడు ఆగుతుందో తెలీదు. 'ద ప్యాషన్' చేసిన నేషనల్ థియేటర్ వేల్స్‌కి ఏటా సుమారు 16 లక్షల పౌండ్ల నిధులు వచ్చేవి. 2023లో ఆర్ట్స్ కౌన్సిల్ ఆఫ్ వేల్స్ అవి ఆపేయాలని నిర్ణయించింది, తర్వాతి ఏడాదికే ఆ సంస్థ పాత రూపం ముగిసింది. ఊళ్లలో జనంతో పనిచేసే 'టీమ్' విభాగాన్ని మాత్రం వేరే పేరుతో నిలబెట్టుకున్నారు. నాకు అది కొంత ఊరట.

మూడో రోజు సాయంత్రం నేను వచ్చిన అసలు పని. పోర్ట్ టాల్బట్‌లో ఒక క్లబ్బు హాలు, ఎనభై మడత కుర్చీలు. టికెట్ ఇంత అని లేదు, ఎంత ఇవ్వగలిగితే అంత. వేదిక మీద ఒక పొడుగాటి బల్ల, దాని మీద ఊరివాళ్లు ఇళ్ల నుంచి తెచ్చిన వస్తువులు: హెల్మెట్, జీతం చీటీలు, టిఫిన్ డబ్బా, డ్యూటీలో వేసుకునే మాసిన జాకెట్. ఒక్కొక్కరూ వచ్చి ఒక వస్తువు పట్టుకుని మాట్లాడతారు, అదే నాటకం. కొందరు కాగితం చూసి చదివారు. మధ్యలో సౌండ్ రెండుసార్లు పోయింది, ఎవరూ కదల్లేదు. దాదాపు 2,800 ఉద్యోగాలు పోతాయని ప్లాంటు యజమాని టాటా ప్రకటించిన రోజు గురించి ఒకావిడ చెప్పింది. స్క్రాప్ కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్ వస్తుంది, కానీ దానికి అంతమంది అక్కర్లేదు. "మా ఆయన అప్పటినుంచి రాత్రి రెండింటికి లేచి వంటింట్లో కూర్చుంటున్నాడు. అది షిఫ్టు టైము" అంది.

అయిపోయాక టీ, వెల్ష్ కేకులు. బల్ల దగ్గరికి వెళ్లి ఆ జాకెట్ చూశాను. కుడి చేతి మీద చిన్న చిన్న చిల్లులు, అంచులు నల్లగా మాడి. నాన్న చొక్కాలకీ అక్కడే ఉండేవి, అమ్మ లోపలి నుంచి గుడ్డ వేసి కుట్టేది. ఆ జాకెట్ తెచ్చిన పెద్దాయన పక్కనే ఉన్నారు. "ఇండియానా, లవ్?" అన్నారు. ఆ ప్రాంతంలో 'లవ్' అంటే మన 'అమ్మా' లాంటిదే. తర్వాత ఏమంటారో అని కాస్త టెన్షన్ పడ్డాను. టాటా మా దేశానిదే కదా. నాన్న వేరే ప్లాంట్‌లో ఫర్నేస్ మనిషని చెప్పాను. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ప్లాంట్ అనీ, దాన్ని అమ్మొద్దని 2021 నుంచి కూర్మన్నపాలెంలో దీక్ష పట్టారనీ చెప్పాను. ఆయన జాకెట్ తీసి నా చేతికిచ్చి, వెళ్లి ఇంకో కప్పు టీ తెచ్చారు. గంటసేపు మాట్లాడుకున్నాం, ఎక్కువగా ఫర్నేస్ వేడి గురించే.

ఆఖరి రైలు కోసం మధ్యలో లేచి రావాల్సి వచ్చింది. బయట ఒక్క టాక్సీ లేదు. కుర్చీలు సర్దుతున్న అమ్మాయి తన కార్లో స్టేషన్‌లో దింపింది, డబ్బులిస్తే తీసుకోలేదు. నాటకం ఉన్న రాత్రి ఆ ఊళ్లోనే పడుకోండి. హీటర్ పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి, అంతే.

స్వాన్సీ చేరేసరికి వైజాగ్‌లో తెల్లవారుజాము. పొద్దున దాకా ఆగి నాన్నకి ఫోన్ చేశాను. అంతా విన్నారు. "అయితే ఫర్నేస్ అడుగున మిగిలిన ఇనుము కూడా తీసేశారా అమ్మా?" అని అడిగారు. ఆ పెద్దాయన్ని అడగలేదే అనిపించింది. మళ్లీ వెళ్లినప్పుడు కనుక్కుని చెప్తానన్నాను.