లేహ్‌కి ఏ దారి మేలు? సముద్రం ఒడ్డు నుంచి బయల్దేరేవాళ్ల లెక్క

దాళ్వా కోతలు అయిపోయి, కాలువలు కట్టేసి, సార్వా నాట్లు ఇంకా మొదలుకాని ఆ నెలా నెలన్నరే మా కోనసీమ రైతు ఇళ్లలో తీరిక దొరికే కాలం. ఈసారి ఆ తీరికలో లద్దాఖ్ చూసొద్దామని మా పిన్ని, బాబాయి అనుకున్నారు. "విమానంలో వెళ్లాలా, మనాలి మీదుగానా, శ్రీనగర్ మీదుగానా? నువ్వు రెండుసార్లు వెళ్లొచ్చావు కదరా, ఏది మేలో చెప్పు" అని పిన్ని ఫోన్ చేసింది. పది నిమిషాల ఫోనులో తేలే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను, మన వైపు నుంచి వెళ్లే మిగతావాళ్లకీ పనికొస్తుందని.

నా మాట ముందే చెప్పేస్తాను. వెళ్లేటప్పుడు శ్రీనగర్, కార్గిల్ మీదుగా రోడ్డున వెళ్లండి. వచ్చేటప్పుడు లేహ్‌లో విమానం ఎక్కండి. చాలామంది ఎన్ని గంటలు, ఎంత ఖర్చు అన్న రెండు లెక్కలే చూస్తారు. మనం మొదట చూడాల్సింది ఎత్తు. అమలాపురం సముద్రమట్టానికి నాలుగైదు మీటర్ల ఎత్తులో ఉంటుంది. మనం రోజూ ఎక్కే ఎత్తల్లా ఏటిగట్టు, లేకపోతే గోదావరి మీద వంతెన. లేహ్ 3,500 మీటర్లు.

విమానం సంగతి నాకు అనుభవమే. ఢిల్లీ నుంచి గంటన్నర లోపే దింపేస్తుంది. 2019 జూన్‌లో అక్కాబావల కుటుంబం, మేము కలిసి అలాగే వెళ్లాం. ముందు రోజు పొద్దున అమలాపురంలో పెసరట్టు తిని బయల్దేరినవాళ్లం, మర్నాడు ఏడింటికల్లా లేహ్‌లో సామాను కోసం నిలబడ్డాం. దిగగానే అందరికీ ఎక్కడలేని హుషారు. ఆ హుషారుని నమ్మకూడదని అప్పుడు తెలియదు. మధ్యాహ్నానికి బావకి తలనొప్పి మొదలైంది. రాత్రి నిద్ర పట్టలేదు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే వికారం. టూరు మాట్లాడిన మనిషి మాత్రం రెండో రోజు ప్రోగ్రాం ఖర్దుంగ్ లా, మార్చడం కుదరదన్నాడు. అది 5,359 మీటర్ల కనుమ. డబ్బులు కట్టేశాం కదా అని బావ కూడా కారెక్కాడు. పైన దిగి నాలుగడుగులు వేశాడో లేదో రోడ్డు పక్కన కూలబడిపోయాడు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. అక్క కొంగుతో ఆయన ముఖం తుడుస్తూ ఏడుస్తూనే ఉంది. డ్రైవరు వెంటనే బండి తిప్పి కిందికి దింపాడు. లేహ్‌లో ఆసుపత్రిలో చేర్చి రాత్రంతా ఆక్సిజన్ పెట్టారు. బావ రోజూ ఏటిగట్టు మీద ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి. ఒంట్లో బలానికీ ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుకీ సంబంధం లేదని డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు.

పైకి వెళ్లినా గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, అక్కడా 21 శాతమే. గాలే పలచబడిపోతుంది. లేహ్‌లో గాలి ఒత్తిడి మన తీరంలో ఉండేదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. అంటే ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా అంతే. ఒళ్లు దీనికి అలవాటు పడటానికి గంటలు చాలవు, రోజులు కావాలి. అందుకే 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచుకోవద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఎక్కడం ఆపి ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు చెబుతారు. ఇందులో గట్టిగా పట్టుకోవాల్సిన మాట "పడుకునే చోటు". పగలు ఎంతో ఎత్తున్న కనుమ దాటి మళ్లీ కిందికి దిగి పడుకోవడం వేరు, ఆ ఎత్తులోనే రాత్రి గడపడం వేరు.

ఈ లెక్కతో చూస్తే మనాలి దారి వెంటనే వెనకబడిపోతుంది. మనాలి దాదాపు 2,000 మీటర్లు. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే బాధ తప్పింది, తొమ్మిది కిలోమీటర్ల సొరంగంలోంచి లాహుల్ లోయలోకి వెళ్లిపోతాం. ఇబ్బంది ఆ తర్వాత. బారాలాచా లా, లాచులుంగ్ లా, 5,300 మీటర్లు దాటిన తంగ్‌లంగ్ లా అన్నీ వరసగా వస్తాయి. మధ్యలో చాలామంది సర్చూ గుడారాల్లో పడుకుంటారు. అది 4,200 మీటర్ల పైమాటే, లేహ్ కన్నా ఎత్తు! అర్ధరాత్రి ఊపిరాడకపోతే దగ్గర్లో ఆసుపత్రి ఉండదు, కిందికి దిగుదామన్నా అటూ ఇటూ కనుమలే. పైగా మనకి తీరిక దొరికే మే నెలలో ఆ దారిలో మంచు పూర్తిగా తీయకపోవచ్చు. ఢిల్లీ నుంచి లేహ్‌కి వేసవిలో హిమాచల్ ప్రభుత్వ బస్సు నడుస్తుంది, టికెట్టు చవక. కానీ వెయ్యి కిలోమీటర్లు ఆ కనుమల మీదుగా సీట్లో కూర్చుని వెళ్లడం అరవై దాటినవాళ్లకి నేను చెప్పను.

శ్రీనగర్ దారి మెట్లు మెట్లుగా ఎక్కిస్తుంది. శ్రీనగర్ 1,585 మీటర్లు, కార్గిల్ 2,676, లేహ్ 3,500. దూరం నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు, దాదాపు సగంలో కార్గిల్. 2023లో అమ్మని ఇలాగే తీసుకెళ్లాను. అప్పటికి ఆవిడకి అరవై రెండు, బీపీ మాత్రలు వాడుతోంది. సోన్‌మార్గ్ దాటాక జోజి లా వస్తుంది. ఎత్తు మూడున్నర వేల మీటర్లే గానీ భయపెట్టేది అదే. ఒక పక్క దుమ్ము పట్టి నల్లబడ్డ మంచు గోడ, ఇంకో పక్క కిందికి చూస్తే బాల్‌తాల్ గుడారాలు బియ్యం గింజల్లా కనిపిస్తాయి. అమ్మ కళ్లు మూసుకుని విష్ణు సహస్రనామం అందుకుంది. కనుమ దాటాక కళ్లు తెరిచి "అదేంట్రా, పచ్చదనం ఏమైపోయింది?" అంది. నిజంగానే గీత గీసినట్టు అక్కడితో చెట్లు ఆగిపోతాయి.

ద్రాస్‌లో 1999 యుద్ధ స్మారకం దగ్గర గంటసేపు ఆగాం. హైదరాబాద్ నుంచి వెళ్లి ఆ కొండల మీదే ప్రాణాలిచ్చిన మేజర్ పద్మపాణి ఆచార్యని తలుచుకుని అమ్మ దండం పెట్టుకుంది. కార్గిల్ దాటాక ముల్‌బేఖ్‌లో రోడ్డు పక్కనే కొండరాతిలో చెక్కిన మైత్రేయుడు నిలబడి ఉంటాడు. మా ఆదుర్రులో బౌద్ధ స్తూపం దిబ్బ చూస్తూ పెరిగిన నాకు అక్కడ కాసేపు మాట రాలేదు. విమానంలో వెళ్లినప్పుడు ఇవేవీ చూడలేదు.

దారిలో అన్నిటికన్నా ఎత్తు ఫోటు లా, 4,108 మీటర్లు. అక్కడ అమ్మ సంచి తెరిస్తే, ఆత్రేయపురంలో కొన్న పూతరేకుల కవరు బంతిలా ఉబ్బి ఉంది, గోరు తగిలితే పేలేలా. ఊళ్లో మూత బిగించిన ఆవకాయ సీసా తిప్పగానే నూనె బుస్సుమని పైకొచ్చి ఆవిడ చీర మీద పడింది. కవరు లోపల ఉన్నది మన ఊరి గాలి, బయట ఉన్నది పలచటి గాలి. అమ్మకి చెప్పాల్సినవన్నీ ఆ కవరే చెప్పింది. ఇక ఎక్కడా గబగబా నడవలేదు.

ఈ దారికీ ఒక లోపం ఉంది. కార్గిల్ నుంచి లేహ్‌కి ఒక్క రోజులో ఎనిమిది వందల మీటర్లు పెరుగుతుంది. అందుకే మేం కార్గిల్లో రెండు రాత్రులు ఉన్నాం, తర్వాత లేహ్‌కి అరవై ఐదు కిలోమీటర్ల ఇవతల ఆల్చీలో ఒక రాత్రి ఆగాం. అది సుమారు 3,100 మీటర్లు. పాత ఆలయాల్లో గోడల మీద బొమ్మలు చూడటానికి ఎలాగూ ఆగాల్సిన ఊరే. అమ్మకి లేహ్‌లో మొదటి రాత్రి కాస్త తలబరువు తప్ప ఇంకేం కాలేదు.

శ్రీనగర్ దాకా ఎలా వెళ్లాలన్నది తేలికైన సంగతే. 2025 జూన్‌లో కత్రా నుంచి శ్రీనగర్‌కి వందే భారత్ మొదలైంది, మూడు గంటల ప్రయాణం, చీనాబ్ వంతెన మీదుగా. బెజవాడ నుంచి కత్రాకి వారానికోసారి హిమసాగర్ ఎక్స్‌ప్రెస్ ఉంది. అంతసేపు రైల్లో కూర్చోలేమంటే మధురపూడి (రాజమండ్రి) నుంచో గన్నవరం (బెజవాడ) నుంచో ఢిల్లీకి, అక్కడి నుంచి శ్రీనగర్‌కి విమానంలో వెళ్లొచ్చు. శ్రీనగర్ ఎత్తు తక్కువే కాబట్టి అక్కడికి ఎగిరి వెళ్లినా ఒంటికి ఇబ్బంది లేదు.

పహల్గాంలో పర్యాటకుల మీద ఉగ్రదాడి తర్వాత కశ్మీర్ అంటే పిన్ని భయపడుతోంది. ఆ భయం కాదనలేనిది. బయల్దేరే వారం ముందు పరిస్థితి చూసుకుని, మనసు ఒప్పకపోతే విమానంలోనే వెళ్లండి. సెలవు ఐదారు రోజులే ఉన్నవాళ్లకీ అదే గతి. అలాంటప్పుడు లేహ్‌లో దిగగానే నేరుగా ఆల్చీ వైపు దిగిపోయి రెండు రోజులు ఊరికే పడుకోండి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర వాడొచ్చా అని ముందే డాక్టరుని అడగండి, సల్ఫా పడనివాళ్లు మరీ ముఖ్యంగా. తలనొప్పితో పాటు వాంతులు, అడుగులు తడబడటం, కూర్చున్నా ఆయాసం ఉంటే రేపు చూద్దాం అనొద్దు, ఆ క్షణమే కిందికి దిగాలి.

బైకుల మీద వెళ్దామనే కుర్రాళ్లూ అంతే, శ్రీనగర్ వైపు నుంచి వెళ్లి మనాలి వైపు దిగండి. అప్పటికి ఒళ్లు అలవాటు పడి ఉంటుంది కాబట్టి సర్చూ అంత బాధపెట్టదు.

తిరుగు విమానాలు ఎక్కువగా పొద్దున్నే ఉంటాయి, వాతావరణం బాగోకపోతే రద్దవుతాయి. ఢిల్లీలో ఒక రోజు ఖాళీ పెట్టుకునే రాజమండ్రి టికెట్టు తీసుకోండి. లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కరు లేకుండా మన సోనా బియ్యం సరిగ్గా ఉడకదు. కాబట్టి హోటలు అన్నం పలుకుగా ఉందని బాబాయి విసుక్కోకూడదు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. శ్రీనగర్ టాక్సీని లేహ్ దాకానే మాట్లాడుకోవాలి, పాంగాంగ్ సరస్సు, నుబ్రా లోయ తిరగడానికి అక్కడి యూనియన్ బండ్లే కావాలి. కార్గిల్లో రెండు రాత్రులు ఆగుతామని మాత్రం బేరం కుదిరేటప్పుడే చెప్పు పిన్నీ, దారిలో చెబితే డ్రైవరు ఒప్పుకోడు.