పేరూ ముఖమూ కలిపి గుర్తుండాలంటే: వల్లె వేయాలా, ముడి వేయాలా, రాసుకోవాలా?

మా అమ్మకి 74 ఏళ్లు. మొన్న అమలాపురంలో పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గర ఒకమ్మాయి పలకరించింది. ఆ ముఖం అమ్మకి తెలుసు. ఆ పేరూ విన్నదే. పేరు ఈ ముఖానిదేనని మాత్రం తట్టలేదు. ఇంటికొచ్చాక "నాకు మతి పోతోందేమోనే" అని ఒకటే టెన్షన్.

వయసుతో ఎక్కువగా సడలేది ఈ ముడే. పెద్దవాళ్లకి విడివిడి విషయాలు చాలావరకు గుర్తుంటాయనీ, ఏది దేనికి జతో అదే జారిపోతుందనీ మోషే నావే-బెంజమిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2000లో ప్రతిపాదించారు. ఆ జత కట్టే పనిలో మెదడులోని హిప్పోక్యాంపస్‌ది ముఖ్య పాత్ర. ఇలాంటి ఒక్క తడబాటు చూసి జబ్బు అనుకోనక్కర్లేదు. తెలిసిన వీధిలోనే దారి తప్పుతుంటే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

వల్లె వేయడం సులువే. కానీ పదే పదే వింటే పేరూ, ముఖమూ వేటికవి బాగా పరిచయమైపోతాయి, వాటి మధ్య జత అంతగా బలపడదు. అప్పుడు తప్పు జత కూడా సరైనదే అనిపిస్తుంది. వల్లె వేసేకన్నా, కాసేపాగి చూడకుండా గుర్తు తెచ్చుకోవడం నయం.

నా ఓటు ముడికే, అంటే కొత్త పేరుని ముందే తెలిసినదానికి కట్టడానికే. మన కోనసీమలో కొత్త మనిషి కనబడితే "ఎవరి తాలూకండీ?" అని అడుగుతారు కదా. "ముక్తేశ్వరం రేవు దగ్గర కొబ్బరితోట వాళ్ల రెండో కోడలు" అన్నారనుకోండి, రేవు అమ్మకి తెలుసు, తోటా తెలుసు. కొత్త పేరుని కట్టడానికి పాత గుంజ దొరికినట్టే. అలన్ కాస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2005లో సరుకుల ధరలతో చేసిన పరీక్షలోనూ ఇదే కనబడింది. ధరలు మామూలుగా ఉన్నప్పుడు పెద్దవాళ్లు కుర్రాళ్లతో సమానంగా గుర్తుపెట్టుకున్నారు. బజారులో ఎక్కడా లేని ధరలు పెడితే వెనకబడ్డారు.

మందుల దగ్గర మాత్రం ముడినీ నమ్మను. బీపీ మాత్ర వేసుకున్న గుర్తు నిన్నటిదో ఇవాళ్టిదో తేల్చుకోవడం కష్టం. అక్కడ రాసుకోవాలి, లేదా వారానికి సరిపడా గళ్ల డబ్బా పెట్టుకోవాలి. మేం డబ్బా కొన్నాం.

ఆ పెళ్లిలో అమ్మాయిని "నువ్వు ఎవరి తాలూకమ్మా?" అని మళ్లీ అడగడానికి అమ్మ మొహమాటపడుతోంది. అడగమనే చెప్తున్నాను.