మెడికల్ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ కూడా అమ్మితే: ఏది మేలు?

ఛాతీ ఎక్స్‌రేలో అనుమానం ఉన్నచోట గుర్తు పెట్టే సాఫ్ట్‌వేర్ మీరు తయారుచేశారనుకుందాం. డెమో అయ్యీ అవగానే ఆసుపత్రివాళ్లు అడిగేది ఒకటే: "సిస్టమ్ కూడా మీరే ఇస్తారా?" సేల్స్ వాళ్లు ఓకే అనేస్తారు. టెన్షన్ మాత్రం లైసెన్సు ఫైలు చూసేవాళ్లది. ఆ డబ్బా మామూలు కంప్యూటరా, వైద్య పరికరమా?

దారులు మూడు. సాఫ్ట్‌వేర్ ఒక్కటే అమ్మడం. ఏదో ఒక కంపెనీ కంప్యూటర్ కొని, దాని పేరు మార్చకుండా జతచేసి ఇవ్వడం. డబ్బా మీద మన స్టిక్కర్ వేసి, మొత్తాన్నీ ఒకే పరికరంగా అమ్మడం.

మొదటిదానిలో కాగితాల పని తక్కువ. 2020 ఫిబ్రవరి 11 నోటిఫికేషన్‌తో, ఆ ఏప్రిల్ 1 నుంచి వైద్య సాఫ్ట్‌వేర్ కూడా మన మందుల చట్టం కిందికి వచ్చేసింది కాబట్టి దానికి లైసెన్సు గొడవ ఎలాగూ తప్పదు. రిస్కును బట్టి తక్కువ రిస్కున్న ఎ, బి క్లాసులైతే తయారీ లైసెన్సు రాష్ట్ర అధికారులు, ఎక్కువ రిస్కున్న సి, డి అయితే ఢిల్లీలోని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ఇస్తారు. కంప్యూటర్ ఆ ఫైల్లో ఉండదు. చిక్కల్లా ఇన్‌స్టాల్ చేశాకే. అదే సిస్టమ్‌లో బిల్లింగ్ ప్రోగ్రామ్, ఎవరో వేసిన ఉచిత యాంటీవైరస్, నాలుగు బ్రౌజర్ ట్యాబులు. స్లో అయితే ఫోను మాత్రం మీకే వస్తుంది.

మూడోది చూడ్డానికి దర్జాగా ఉంటుంది, టెండర్లలోనూ బాగుంటుంది. కానీ స్టిక్కర్ పడిందంటే తయారీదారు మీరే. కరెంటు భద్రత పరీక్షలు మీవి. కంప్యూటర్లకు తప్పనిసరైన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ బ్రాండును బట్టి ఉంటుంది కాబట్టి అదీ మీ నెత్తినే. పైగా కంప్యూటర్ మోడళ్లు ఊరికే మారిపోతుంటాయి. మదర్‌బోర్డు మారినప్పుడల్లా మార్పు ప్రభావం రాసి, మళ్లీ పరీక్షించాలి. చిన్న కంపెనీకి ఇది మోయలేని బరువు.

ఇలాంటివాటికి అమెరికాలో వెసులుబాటు ఉంది కదా అని చూపించేవాళ్లు చాలామంది. అక్కడ పరికరాల నుంచి వచ్చే డేటాను కేవలం చేరవేసే, దాచే, చూపించే వ్యవస్థలను అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో ఎక్కువ రిస్కుండే క్లాస్ 3 నుంచి తక్కువ రిస్కుండే క్లాస్ 1కి దించింది. 2016 చివర్లో వచ్చిన చట్టం ఆ పని చేసే సాఫ్ట్‌వేర్‌ను పరికరాల లెక్కలోంచే తీసేసింది. తమాషా ఏమిటంటే, అదే పని చేసే హార్డ్‌వేర్ మాత్రం లెక్కలో మిగిలిపోయింది! దాని జోలికి వెళ్లే ఉద్దేశం లేదని ఎఫ్‌డీఏనే చెప్పింది, అది వేరే సంగతి. అయినా ఎక్స్‌రేను విశ్లేషించే సాఫ్ట్‌వేర్‌కు ఈ వెసులుబాటు అక్కడా లేదు.

నా ఓటు రెండోదానికే. కంప్యూటర్‌ను ఉన్నదున్నట్టు ఇస్తాం, వారంటీ దాని కంపెనీదే, మనకు తెలిసిన సెట్టింగులతో నడుస్తుంది. రిపోర్టు రాయడానికి వాడే మానిటర్ అయితే, వైద్య పరికరంగా లైసెన్సున్న మోడల్‌నే కొని ఇవ్వడం నయం.

ఒక్కచోట మాత్రం ఇది కుదరదు: మంచం పక్కన. రోగి చుట్టూ సుమారు ఒకటిన్నర మీటర్ల లోపల ఉండే పరికరం పైడబ్బాను తాకితే, మామూలు పరిస్థితిలో 100 మైక్రో ఆంపియర్లకు మించి కరెంటు లీకేజీ ఉండకూడదని వైద్య పరికరాల కరెంటు భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601 చెబుతుంది. ఆఫీసు కంప్యూటర్లను ఆ లెక్కతో తయారుచేయరు. మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (కంప్యూటర్‌ను మెయిన్ కరెంటు లైను నుంచి విడదీసేది) పెట్టి నెట్టుకురావచ్చు, కానీ అలా కలిపి ఇచ్చినప్పుడు ఆ వ్యవస్థ మొత్తానికీ జవాబుదారీ మీరే. అక్కడ మెడికల్ గ్రేడ్ కంప్యూటర్ తీసుకుని మూడో దారిలో వెళ్లడమే మేలు.

రెండో దారి ఎంచుకుంటే కొటేషన్‌లో కంప్యూటర్‌కు వేరే లైను, మోడల్ నంబరుతో సహా రాయండి. బ్రోచర్లో మీ సాఫ్ట్‌వేర్ పేరు పక్కన "వర్క్‌స్టేషన్" అని తగిలించనివ్వకండి, కంప్యూటర్ కూడా మీ పరికరమేనన్నట్టు అవుతుంది. డిజైనర్‌కు అది చిన్న మాట. ఇన్‌స్పెక్టర్ మాత్రం మొదట తెరిచేది ఆ బ్రోచర్నే.