సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి హెచ్చరిక: "కొంచెం నీళ్లు తాగుద్ది" అన్నారంటే అడ్వాన్స్ ఇవ్వొద్దు

హైదరాబాద్‌లో కార్ కన్సల్టెన్సీల దగ్గర పాత బండి చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా బావ కోసం అలాంటి చోటే 2010 మోడల్ డీజిల్ బండి తీసుకున్నాం. షాపు పేరు, బండి కంపెనీ రాయట్లేదు, ఎందుకంటే ఈ మోసం ఏ బండికైనా చేయొచ్చు. బాడీ నీట్‌గా ఉంది, ఇంజన్ కడిగి పాలిష్ కొట్టారు, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) డబ్బాలో పచ్చటి నీళ్లు లైన్ దాకా ఉన్నాయి, టెస్ట్ డ్రైవ్‌లో టెంపరేచర్ ముల్లు సగం దాకా కూడా లేవలేదు. కూలెంట్ సంగతేంటని అడిగితే "పాత బండి కదన్నా, అప్పుడప్పుడు కొంచెం నీళ్లు తాగుద్ది, పోసుకుంటే సరిపోద్ది" అన్నాడు.

బండి నీళ్లు తాగదండీ. కూలెంట్ తిరిగేది మూసి ఉన్న సిస్టమ్‌లో, లెవెల్ మళ్లీ మళ్లీ తగ్గుతోందంటే ఎక్కడో బయటికి కారుతోంది, లేదా హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీల్) లాంటిది పోయి ఇంజన్ లోపలికే వెళ్తోంది, మూడో దారి లేదు. మామూలు నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి, అదే మూత బిగించి 1 బార్ ప్రెజర్ నిలబడితే 120 దాకా మరగవు, దాని మీదే ఇంజన్ బతుకుతుంది. చిన్న లీకున్నా ఆ ప్రెజర్ నిలవదు.

సంక్రాంతికి విజయవాడ బయల్దేరాం. సిటీలో ఏమీ తెలియలేదు, పంతంగి టోల్ దగ్గర ఆ రష్‌లో బండి కదలక నిలబడిపోయాక ఏసీలోంచి వేడి గాలి మొదలైంది, తియ్యటి వాసన, ఆ వెంటనే బానెట్ సందుల్లోంచి ఆవిరి. చిత్రం ఏంటంటే ముల్లు ఒక్కసారి పైకి లేచి మళ్లీ కిందకి పడిపోయింది. నీళ్లు బాగా తగ్గిపోతే సెన్సార్‌కి తగలవు, అప్పుడు అది గాలినే చూపిస్తుంది. ముల్లు దిగింది కదా అని అలాగే లాగించారంటే ఇంజన్ సీజే. బావ వెంటనే పక్కకి తీసి ఆపేశాడు కాబట్టి హెడ్ దాకా పోలేదు. అలాంటప్పుడు రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి, పూర్తిగా చల్లారేదాకా ఆగాల్సిందే. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు కూడా పోయొద్దు, హెడ్ పగిలే ప్రమాదం ఉంది.

బండిని టోయింగ్‌లో తెలిసిన షెడ్డుకి తీసుకెళ్తే అసలు కథ అక్కడ బయటపడింది. మెకానిక్ చల్లారిన రేడియేటర్‌కి చేతి పంపు బిగించి గాలి ఎక్కించి మీటర్ చూస్తూ కూర్చున్నాడు, కింద ఒక్క చుక్క లేదు గానీ మీటర్ మాత్రం మెల్లగా దిగుతోంది. టార్చ్ పెట్టి వెతికితే అల్యూమినియం కోర్‌కి పక్కన ప్లాస్టిక్ ట్యాంక్ నొక్కి బిగించే జాయింట్ ఉంటుంది కదా, అక్కడ చిన్న బొట్టు ఊరుతోంది. దాని మీద గోరుతో గీకితే నల్ల పెయింట్ పెచ్చు లేచింది, దాని కింద ఎంసీల్! పగులు మీద ఎంసీల్ రాసి కనపడకుండా పెయింట్ కొట్టారు. వాటర్ పంప్ కింద ఒక చిన్న బొక్క ఉంటుంది, లోపల సీల్ పోతే నీళ్లు బయటికొచ్చి మనకి తెలియాలని కంపెనీ వాళ్లే పెట్టింది, దాని చుట్టూ కూడా ఎండిపోయిన మజ్జిగ చారలాగా తెల్లటి మరక. రేడియేటర్ విప్పితే ట్యూబుల్లో గోధుమ రంగు బురద, అది లీకులు మూయడానికి పోసే మందు, లీకుతో పాటు సన్నటి ట్యూబులు కూడా మూసేస్తుంది.

ఇంకా ఉంది. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోకుండా ఆపే వాల్వు) పీకేశారు, ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ వైర్ ఇచ్చారు. అందుకే టెస్ట్ డ్రైవ్‌లో ముల్లు లేవలేదు! థర్మోస్టాట్ లేకపోతే ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, కానీ కొనేవాడికి మాత్రం "సూపర్ కూల్ బండి" అని చూపించొచ్చు. ఇవన్నీ తెలిసి చేసినవే, తెలియక జరిగినవి కావు. ఫోన్ చేస్తే పాత బండికి వారంటీ ఉండదన్నాడు, తర్వాత ఎత్తడమే మానేశాడు. రేడియేటర్, పంప్, థర్మోస్టాట్, హోస్ పైపులు, వైరింగ్ అన్నీ మా జేబులోంచే.

కాబట్టి బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, మేము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఇంకోరోజు రండి. చల్లగా ఉంటే మూత తీయించి లోపల వేలు పెట్టి చూడండి, బురద, నూనె జిడ్డు, తుప్పు రంగు ఏది తగిలినా వద్దు. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి నడిపిన బండ్లు మన దగ్గర చాలా ఉన్నాయి, వాటిలో తుప్పు, ఉప్పు పేరుకుని ఉంటుంది. ఏసీ ఆపి కీ ఆన్ చేయగానే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంటే డైరెక్ట్ చేశారేమో అని అనుమానించండి. స్టార్ట్ చేశాక రేడియేటర్ పై పైపు పట్టుకుని చూడండి (ఫ్యాన్‌కి, బెల్టుకి చేతులు దూరంగా), మంచి బండిలో కాసేపు చల్లగానే ఉండి థర్మోస్టాట్ తెరుచుకోగానే గబుక్కున వేడెక్కుతుంది, మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే లోపల థర్మోస్టాట్ లేదనే అనుమానించాలి. ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే ఆ పైపు రాయిలా గట్టిపడినా, డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ మూత కింద మీగడ లాంటిది కనపడినా హెడ్ గాస్కెట్ మీద అనుమానం, బేరం కూడా ఆడొద్దు. ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టే చోట కార్పెట్ తడి ఉందేమో కూడా చూడండి, హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డ్ వెనక ఉండే చిన్న రేడియేటర్) లీకైతే అక్కడే దిగుతుంది.

ఇంకో మాట, కారిన కూలెంట్ నేల మీద వదిలేయొద్దు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, పిల్లులు కూడా నాకొచ్చు, అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, కొంచెం తాగినా కిడ్నీలు పోయే ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త, నీళ్లు పోసి బాగా కడిగేయండి.

టోకెన్ ఇచ్చేసినవాళ్లు ఎవరైనా ఉంటే బ్యాలెన్స్ కట్టకముందే, ఫామ్ 29, 30 (బండి పేరు మార్పిడి కాగితాలు) మీద సంతకాలు పెట్టకముందే, మీ మెకానిక్‌తో ప్రెజర్ టెస్ట్ చేయించండి, మీటర్ దిగకుండా కనీసం పావుగంట నిలబడాలి. టెస్ట్‌లో లీకు తేలితే టోకెన్ డబ్బు వెనక్కి ఇస్తామని రసీదు మీదే రాయించుకోండి. రాయను అన్నా, టెస్ట్ వద్దు అన్నా ఆ బండి వదిలేయండి.